నత్తోళ్ల సంఘం

ఉక్కునగరం ఆరో సెక్టారులో దేవదానం ఇల్లు ఎక్కడని అడిగితే కొందరు తెల్లమొహం వేస్తారు. పాటలు పాడే ఆయన అంటే మాత్రం దగ్గరుండి గుమ్మం దాకా తీసుకెళ్తారు. ఆదివారం ప్రార్థనలో ఆయన గొంతెత్తాడంటే బయట సైకిలు మీద పోయేవాళ్లు కాలు కింద ఆన్చి, కాసేపు విని మరీ వెళ్లేవారు. అదే మనిషిని చర్చి గేటు దగ్గర ఆపి "టైమెంతయిందండీ?" అని అడిగితే, నోరు తెరవకుండా చేతి గడియారం వాళ్ల మొహం ముందు పెట్టి నవ్వేవాడు. పాట జోలికి రాని నత్తి, మాట దగ్గరికొచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా కూర్చునేది.

చిన్నప్పటి నుంచీ అంతే. తండ్రి పోర్టులో కలాసీ. మల్కాపురంలో ఇల్లు. బస్సెక్కి టికెట్టు తీసుకోవాలంటే "మల్కాపురం" అన్న మాటకి పెదవులు మూసుకునేవి, ఇక విడివడేవి కావు. కండక్టరు విసుక్కునేవాడు, వెనక జనం తోసేవారు. దాంతో నోట్లోంచి తేలిగ్గా జారే "సింధియా" అనేసి, ఆ పక్క స్టాపులో దిగి ఇంటికి నడిచిపోయేవాడు. బడిలో హాజరు పిలిచేటప్పుడు పక్కన కూర్చునే అర్జునరావు తన పేరుకి ఒకసారి, గొంతు మార్చి దేవదానం పేరుకి ఒకసారి "ప్రెజెంట్ సార్" అనేవాడు. మాస్టారికి తెలియక కాదు. తెలిసే ఊరుకునేవారు. అర్జునరావు వాళ్లది సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. అతను ఎనిమిదో తరగతితో చదువు మానేసి తెప్ప ఎక్కాడు. అప్పుడు దేవదానం ఏడ్చింది స్నేహితుడు పోతున్నాడని కొంత, రేపటి నుంచి హాజరు ఎవరు పలుకుతారని కొంత.

ఐటీఐ చదివి స్టీలు ప్లాంటు రోలింగు మిల్లులో ఫిట్టరుగా చేరాడు. మిల్లు నడుస్తుంటే ఆ చప్పుడికి ఎవరి మాటా ఎవరికీ వినబడదు. ఎంత పెద్ద ఇంజినీరైనా చేతులు తిప్పి సైగ చేయాల్సిందే. ఉద్యోగంలో చేరిన మొదటి రోజునే దేవదానానికి ప్రాణం కుదుటపడింది. తనూ అందరిలాంటివాడే అయిపోయిన చోటు లోకంలో ఒకటుందని అప్పుడే తెలిసింది.

పెళ్లయ్యాక మాటల బాధ్యత భార్య జయశీల తీసుకుంది. గ్యాసు బండకి ఫోను, డాక్టరు దగ్గర నెంబరు, చుట్టాల పలకరింపులు, అన్నీ ఆమే. ఆయన నోరు తెరిచి తడుముకుంటుంటే ఆ మాట ఏదో ఇట్టే పట్టేసి అందించేది. ప్రేమతోనే చేసేది. దేవదానం కూడా అలాగే అనుకున్నాడు. కానీ ఇరవై ఏళ్లు గడిచేసరికి ఇంట్లో ఆయన మాట ఒక్కటీ చివరి దాకా వెళ్లిన గుర్తు లేదు.

లాక్‌డౌన్ రోజుల్లో కూతురు ఫెబా గుంటూరు కాలేజీ నుంచి ఇంటికొచ్చి, తండ్రి ఫోనులో ఒక గుంపును చూపించింది. పేరు 'నిదానం'. నత్తి ఉన్న తెలుగువాళ్లు రోజూ సాయంత్రం ఫోనులో కలుసుకుని మాట్లాడుకునే చోటు అది. హనుమకొండలో మందుల దుకాణం నడిపే అనూరాధ దాన్ని మొదలుపెట్టింది. ఆమెకీ నత్తే. మొహాలు కనబడవు, గొంతులే. అక్కడ నియమం ఒక్కటే: ఒకరి మాటను ఇంకొకరు పూర్తి చేయకూడదు.

మొదటి సాయంత్రం దేవదానాన్ని పేరు చెప్పమన్నారు. నాలుక పైపళ్ల వెనక అతుక్కుపోయింది. అలవాటు కొద్దీ ఎవరో అందిస్తారని చూశాడు. ఎవరూ అందించలేదు. అవతల ఎవరి ఇంట్లోనో కుక్కరు కూత వేసింది, ఇంకెక్కడో పసిబిడ్డ ఏడ్చి ఊరుకుంది. గుంపంతా అలాగే ఉంది. చివరికి "దేవదానం" అని తన పేరు తన నోటితోనే బయటికొచ్చింది. "మంచిగుంది అన్నా నీ పేరు," అంది అనూరాధ. ఆ రాత్రి అన్నం తింటూ ఆయన రెండుసార్లు ఊరికే నవ్వడం చూసి జయశీల, ఫెబా మొహాలు చూసుకున్నారు.

అలా మూడేళ్లు గొంతులతోనే గడిచాయి. ఒకరి కష్టం ఒకరికి తెలుసు, ఎవరికి ఏ అక్షరం దగ్గర అడ్డం పడుతుందో కూడా తెలుసు. ఎదురుగా వస్తే మాత్రం గుర్తుపట్టలేరు. ఒకసారి అందరం కలుద్దామని గుంపులో మాట పుట్టింది. ఎక్కడ అంటే, సముద్రం ఉన్న ఊరైతే బాగుంటుందన్నారు ఎక్కువమంది. వైజాగ్‌లో మనవాళ్లెవరైనా ఉన్నారా అని ఎవరో రాశారు. దేవదానం ఆలోచించకుండా "నేనున్నాను, రైళ్లు, బస, అన్నీ నేను చూసుకుంటాను" అని టైపు చేసి పంపేశాడు. టైపు చేయడంలో నత్తి ఉండదు కదా.

మర్నాడు పొద్దున్న మిల్లుకి వెళ్లే దారిలో గానీ అసలు విషయం బుర్రకెక్కలేదు. బస చూడటమంటే ఫోన్లు చేయడం.

సాయంత్రం జయశీలకి చెప్పాడు. ఆమె తేలిగ్గా తీసుకుంది. "దానికి అంత ఆలోసనేటండీ? లాడ్జీలకి నాను సేత్తాను లెండి ఫోను."

దేవదానం తల ఎత్తి, "వద్దు జయా," అన్నాడు. "వాళ్లకి మా… మాటిచ్చింది నేను."

ఆయన 'మా' దగ్గర ఆగినప్పుడు ఆమె మాట అందించబోయి, ఎందుకో ఊరుకుంది. ఫోను తెచ్చి ఆయన చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మొదట స్టేషను దగ్గర ఒక లాడ్జికి చేశాడు. "హలో" అన్నది బాగానే వచ్చింది. "గదులు" అనబోతే గొంతు మూసుకుంది. అవతలివాడు "హలో, హలో… సిగ్నల్ లేదండీ" అని పెట్టేశాడు. ఇంకో చోట ఎత్తినవాడు కాసేపు విని, ఫోను పక్కకి పెట్టకుండానే "ఎవుడో అప్పుడే మందేసీసి మాట్లాడతన్నాడ్రా" అన్నాడు పక్కవాడితో. వెనక నవ్వు వినిపించింది. దేవదానం వరండాలోకి వెళ్లి నిలబడ్డాడు. వేలి గోరు కొరుక్కుంటూ కింద ఆగిన స్కూటర్లని చూశాడు. జయశీలా అని ఒక్క పిలుపు పిలిస్తే ఆమె వచ్చి నిమిషంలో తేల్చేస్తుంది. పిలవలేదు.

మూడోది భీమిలి దారిలో, సముద్రం ఒడ్డునే ఉన్న లాడ్జి. కిటికీలోంచి అలలు కనబడతాయని విని అక్కడే కావాలనుకున్నాడు. మేనేజరు పేరు సన్యాసిరాజు. దేవదానం "గ" దగ్గర ఆగిపోగానే అటువైపు కూడా నిశ్శబ్దం. పెట్టేశాడేమోనని చెవి నొక్కి విన్నాడు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది.

"సెప్పండి సారూ," అన్నాడు సన్యాసిరాజు. "నిదానంగా సెప్పండి. కౌంటర్లో ఇప్పుడెవులూ లేరు. నాకేటీ తొందర్లేదు."

ఆ 'నిదానంగా' అన్న మాట విని దేవదానానికి ఒళ్లు జలదరించింది. ఆయనకేం తెలుసు తమ గుంపు పేరు! ఎంతమందో, ఎన్ని గదులో, ఎప్పుడొస్తారో, ముసలివాళ్లకి కింది అంతస్తు కావాలనీ, అంతా చెప్పాడు. ఎక్కువసేపే పట్టింది. సన్యాసిరాజు మధ్యలో ఒక్క మాట అందించలేదు, ఒక్క ఊ కూడా తొందరపెట్టేలా కొట్టలేదు. "అలాగే సారూ, మీవోళ్లని తీసుకొచ్చీండి. కిటికీ గదులన్నీ మీకే," అన్నాడు చివర్లో. ఫోను ఆగిపోయాక కూడా దేవదానం దాన్ని చెవికే ఆనించుకుని కాసేపు కూర్చున్నాడు.

ఆ తర్వాత పనులు ఒక్కొక్కటే దారిన పడ్డాయి. ఎవరు ఏ రైలెక్కాలి, దువ్వాడలో దిగాలా విశాఖ దాకా రావాలా, ఏ బండి ఎక్కడ ఆగుతుంది, అన్నీ గుంపులో రాసిపెట్టాడు. నూజివీడు నుంచి శ్రీరామ్మూర్తిగారు విడిగా ఫోను చేశారు. డెబ్బై దాటిన మనిషి. తపాలా శాఖలో ఉత్తరాలు వేరుచేసే పనిలో జీవితమంతా గడిపారు. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేని పని అనే ఆ ఉద్యోగం ఎంచుకున్నారట. "నాయనా, నేనొక్కణ్ణే రైలెక్కి ఎరగనయ్యా. ఎక్కడికెళ్లినా మా ఆవిడే అడిగేది, ఆవిడే చెప్పేది. పోయినేడాది ఆవిడా వెళ్లిపోయింది. నా వల్ల అవుతుందంటావా?" అన్నారు. ఇంత చెప్పడానికి ఆయనకీ చాలాసేపు పట్టింది, దేవదానం వింటూ కూర్చున్నాడు. తర్వాత అనూరాధ వాళ్లు వచ్చే రైలులోనే, వాళ్ల పెట్టెలోనే ఏలూరులో ఆయన ఎక్కేలా టికెట్టు తీశాడు. "మీరు ఎక్కి కూర్చోండి చాలు. మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు," అని చెప్పాడు.

అంతా సవ్యంగా ఉందనుకున్న వారంలో బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టింది. నవంబరులో అది మామూలే, పైకి పోతుందిలే అనుకున్నారు. శుక్రవారానికి వాయుగుండం అయింది. ఒడిశా వైపే తీరం దాటుతుందని టీవీలో చెబుతున్నారు గానీ, ఉక్కునగరంలో పొద్దుటి నుంచీ ఎడతెగని వాన. బెంగుళూరు, తిరుపతి వాళ్లు అప్పటికే రైల్లో ఉన్నారు. మిగిలినవాళ్లు సాయంత్రం ఎక్కుతారు. తెల్లారితే అందరూ దిగుతారు.

పదకొండు గంటలప్పుడు సన్యాసిరాజే ఫోను చేశాడు. "సారూ, సెడ్డ కబురు సెప్పాలి. ఒడ్డున ఉన్న లాడ్జీలన్నీ కాళీ సేసీమని ఆఫీసర్లొచ్చి సెప్పి ఎల్లారు. అలలు గోడ దాకా వచ్చేత్తన్నాయి. నాను మీకు మాటిచ్చాను గానీ, మనుసుల ప్రాణాలతో ఆటలాడలేం కదా."

ఆయన తప్పేం లేదని దేవదానానికి తెలుసు. ఊళ్లో వేరే లాడ్జీలకి చేస్తే, ఒడ్డున దిగినవాళ్లంతా అప్పటికే అటు ఎగబడ్డారు, ఒక్క గదీ లేదు. అనూరాధకి ఫోను చేసి సంగతి చెప్పాడు.

"ఏం ఫికర్ వద్దన్నా," అంది ఆమె. "మేం స్టేషన్ల పండుకుంటం, అంతే కదా. నువ్వున్నవ్ కదా ఆడ."

ఆ మాటే ఆయన్ని ఇంట్లో కూర్చోనివ్వలేదు. శుక్రవారం మధ్యాహ్నం చర్చిలో ఉపవాస ప్రార్థన ఉంటుంది. గొడుగు పట్టుకుని, జయశీలను వెంటబెట్టుకుని వెళ్లాడు. దారిలో ఆమె అడిగింది, "అందరికీ నన్ను సెప్పమంటారా?" అని. ఆయన తల అడ్డంగా ఊపాడు.

పాటలు అయ్యాయి. ప్రార్థన మనవులు ఎవరికైనా ఉంటే చెప్పమన్నారు పాస్టరుగారు. దేవదానం లేచి నిలబడ్డాడు. పాడటానికి కాక ఆయన అక్కడ నిలబడటం ఎవరూ చూడలేదు. చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు వెనక్కి తిరిగారు. హార్మోనియం ముందు కూర్చున్న రిచర్డ్, పాటేమోననుకుని మెట్ల మీద వేళ్లు పెట్టాడు.

"మా…" అన్నాడు దేవదానం. అంతే, పెదవులు మూసుకున్నాయి. చిన్నప్పుడు బస్సులో మూసుకున్నట్టే. ముందు వరసలో ఎవరో "'మా ఆవిడకి' అనా? ఒంట్లో బాలేదా?" అన్నారు. ఇంకెవరో "మందులకా?" అన్నారు. జయశీల చీర చెంగు గట్టిగా పట్టుకుంది. ఆమె నాలుక చివర ఆ మాట ఉంది. ఆమె అందించలేదు. తల వంచుకుని కూర్చుంది. అది చూసి చుట్టుపక్కలవాళ్లు కూడా ఊరుకున్నారు. రేకుల మీద వాన మోత తప్ప ఇంకేం లేదు.

"మా వాళ్లు వస్తున్నారు," అన్నాడు దేవదానం. తర్వాత ఒక్కో మాటా వచ్చింది. కొన్ని ఆగి వచ్చాయి, కొన్ని ఒకేసారి తోసుకుంటూ వచ్చాయి. మూడేళ్లుగా తనని విన్నవాళ్లని, ఎప్పుడూ చూడలేదని, రేపు తెల్లారేసరికి రైలు దిగుతారని, తల దాచుకోవడానికి చోటు లేదని. "మీ ఇళ్లల్లో… రెండు రాత్రులు… పడుకోనిస్తారా?" అన్నాడు.

వెనక నుంచి ఒక పెద్దాయన అడిగాడు. "దేవదానం, ఆళ్లు మన సంఘపోళ్లేనా?"

"కాదండి," అన్నాడు దేవదానం. "అన్ని కులాలోళ్లూ, మతాలోళ్లూ ఉన్నారు. మాది న… నత్తోళ్ల సంఘం."

ఆ అడిగిన పెద్దాయనే ముందు పకపకా నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. దేవదానం కూడా నవ్వాడు. చర్చిలో మాట్లాడి, తన మాటకి తనే నవ్వడం ఆయన జన్మలో మొదటిసారి.

అందరికన్నా ముందు సువార్తమ్మ లేచింది. ప్లాంటు ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరై, కూర్మన్నపాలెంలో చిన్న ఇల్లు కట్టుకుని ఒంటరిగా ఉంటోందామె. "నా కాడ ఇద్దరు ఆడపిల్లలు పడుకోవచ్చు బాబూ. మంచం ఒకటే, సాప ఏసుకుంటాం," అంది. ఆ తర్వాత రిచర్డ్, ఆ తర్వాత ఆ పెద్దాయన, వాళ్లని చూసి ఇంకొందరు. ప్రార్థన అయ్యేసరికి కొంతమందికి తప్ప అందరికీ చోటు దొరికింది.

ఆ మిగిలిన కొంతమంది సంగతి ఇంటి మెట్ల దగ్గర తేలింది. పై వాటాలో ఉండే వరహాలు, ప్లాంటులో క్రేను నడుపుతాడు, కబురు అప్పటికే ఎలాగో తెలుసుకుని గుమ్మంలో కాచుకుని ఉన్నాడు. బాగా కోపంగా ఉన్నాడు.

"ఏటి బావా, సర్చీలోళ్లనే అడుగుతావా? మేం మనుసులం కామా? నెత్తి మీదే ఉన్నాం, ఒక్క ముక్క సెప్పలేదు!"

"వ… వరహాలూ…"

"ఏటీ సెప్పకు. నలుగురు మగోళ్లని నా ఇంటికి పంపు. మా అమ్మ ఉప్మా సేత్తాది."

ఇక రైలు స్టేషను నుంచి తీసుకురావడం మిగిలింది. ఆ వానలో ఆటోలు దొరకవు. దేవదానం అర్జునరావుకి ఫోను చేశాడు. వేట ఆపేసి పడవలన్నీ ఒడ్డుకి లాగి కూర్చున్నారు వాళ్లు. "ఖాళీగానే ఉన్నాను బావా. సేపల వ్యాను ఉంది. కడిగీసి తెత్తాను. వాసన మట్టుకు పోదు, అది నా సేతిలో లేదు," అన్నాడు అర్జునరావు.

శనివారం తెల్లవారుజామున దువ్వాడ స్టేషనులో రైళ్లు దిగినవాళ్లలో తనవాళ్లెవరో దేవదానానికి తెలియలేదు. మొహాలు తెలియవు కదా. చేత్తో రాసిన అట్ట ముక్క ఒకటి తెచ్చాడు గానీ వానకి అక్షరాలు కారిపోయాయి. జనం తోసుకుంటూ పోతున్నారు. అప్పుడు కొట్టు దగ్గర ఎవరో ఆడమనిషి టీ అడగబోయి "ట" దగ్గర ఆగిపోయింది. ఆ ఆగడం ఆయనకి బాగా తెలుసు. మూడేళ్లు ప్రతి సాయంత్రం విన్నదే.

"అనూరాధమ్మా!" అన్నాడు. అదెంత తేలిగ్గా వచ్చిందో ఆయనే గమనించలేదు.

ఆమె వెనక్కి తిరిగింది. పొట్టిగా, కళ్లజోడు పెట్టుకుని, చేతిలో శ్రీరామ్మూర్తిగారి సంచీ మోసుకుంటూ ఉంది. "నువ్వేనా అన్నా? నేను లావుగుంటవనుకున్న," అని నవ్వి, అంతలోనే కళ్లు తుడుచుకుంది. ఆమె వెనకున్న శ్రీరామ్మూర్తిగారు దేవదానం రెండు చేతులూ పట్టుకుని, వదలకుండా నిలబడ్డారు.

చేపల వ్యానులో టార్పాలిను కింద అందరూ ఇరుక్కుని కూర్చున్నారు. కుదుపు వచ్చినప్పుడల్లా ఒకరి మీద ఒకరు పడి, ముక్కు మూసుకుని నవ్వారు. కడుపుబ్బ నవ్వుతుంటే నత్తి ఎవరికీ గుర్తుకు రాలేదు. అర్జునరావు ముందు సీట్లోంచి అరుస్తూనే ఉన్నాడు, "వాసనంటే నన్నడక్కండి, వంజరాలనడగండి!" అని.

ఇంటింటికీ దింపే సమయంలోనే ఇంకో వాహనం వచ్చి ఆరో సెక్టారులో ఆగింది. అందులోంచి దిగినాయన్ని దేవదానం గుర్తుపట్టలేదు. గొడుగు కింద తలపాగా చుట్టుకుని, వెనక పరుపులు, దుప్పట్లు ప్లాస్టిక్‌ గుడ్డలో మూటగట్టి తెచ్చాడు.

"నాను సన్యాసిరాజుని సారూ. లాడ్జీ కాళీ. పరుపులేం సేత్తాయి అక్కడ? మీవోళ్లకి పనికొత్తాయని, బుకింగులో మీరిచ్చిన అడ్రసు సూసుకుని తెచ్చీసాను."

దేవదానం మూటకి ఒక చెయ్యి వేసి అడిగాడు, "మొదటి రోజు… ఫోనులో… అంతసేపు ఎలా విన్నారండీ?" అని.

సన్యాసిరాజుకి ప్రశ్న అర్థం కాలేదు. "ఎలా ఏటి సారూ? ఫోనెత్తాక ఇనాలి కదా," అన్నాడు. పరుపు మూట భుజానికెత్తుకుని మెట్లెక్కాడు.

శనివారం పగలంతా చర్చి పక్క హాల్లో కూర్చున్నారు. బయట వాన, లోపల వరుసగా కుర్చీలు కాక గుండ్రంగా చాపలు. జయశీల, వరహాలు వాళ్లమ్మ, సువార్తమ్మ కలిసి వండారు. ముందు ఒక్కొక్కరూ పేరు చెప్పాలనుకున్నారు. ఫోనులో చెప్పడం వేరు, పది జతల కళ్లు చూస్తుంటే చెప్పడం వేరు. శ్రీరామ్మూర్తిగారి వంతు వచ్చినప్పుడు ఆయన మెడ నరాలు బిగుసుకున్నాయి, చెయ్యి మోకాలి మీద కొట్టుకుంటోంది. అన్నం గిన్నెలు తెచ్చినవాళ్లు గుమ్మంలోనే ఆగిపోయారు. ఎవరూ కదల్లేదు. జయశీల చేతిలోని గిన్నె వేడికి కొంగు మార్చి మార్చి పట్టుకుంది గానీ కింద పెట్టలేదు, చప్పుడవుతుందని. చివరికి ఆయన పేరు మొత్తం చెప్పారు. ఇంటిపేరుతో సహా చెప్పారు. తర్వాత అడక్కుండానే "మా ఆవిడ పేరు రాధ," అన్నారు. "ఆవిడ ఉండి ఉంటే, వీళ్లందర్నీ చూసి ఎంత సంతోషపడేదో."

ఆ రాత్రి అందరూ వెళ్లిపోయాక జయశీల గిన్నెలు తోముతూ భర్తతో అంది, "ఇన్నేళ్లు మీకు సాయం సేత్తన్నాననుకున్నానండీ."

"చేశావు జయా," అన్నాడు దేవదానం. "నువ్వు లేకపోతే నేను ఇంట్లోంచి బయటికే వచ్చేవాణ్ణి కాదు. నిన్న చ… చర్చిలో కూడా నువ్వే చేశావు."

ఆదివారం మధ్యాహ్నానికి వాన తగ్గింది. వాయుగుండం పైకి వెళ్లిపోయిందన్నారు. అర్జునరావు తన వ్యానులోనే అందరినీ జాలారిపేట తీసుకెళ్లాడు. సముద్రం ఇంకా బురద రంగులోనే ఉంది. ఇసక మీదికి లాగిన పడవల మధ్య నిలబడి చూశారు. దగ్గరికి పోనివ్వలేదు అర్జునరావు. "ఈ రెండ్రోజులూ దానికి కోపం. దూరం నుంచి దణ్ణం ఎట్టుకోండి," అన్నాడు. అతని భార్య తవిటమ్మ పడవ నీడన కూర్చోబెట్టి, ఎండుచేపల పులుసుతో అన్నం పెట్టింది. పచ్చి చేప లేకపోయిందని తెగ నొచ్చుకుంది. తిననివాళ్లకి పప్పు విడిగా చేసింది. అనూరాధ పులుసు రెండోసారి వేయించుకుని, "మా దిక్కు గిట్ల దొరకదక్కా," అంది. ఆమెకి తవిటమ్మ మాట సగం అర్థం కాలేదు, తవిటమ్మకి ఆమెది సగం అర్థం కాలేదు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

సోమవారం పొద్దున్న రైళ్లు ఎక్కించేటప్పుడు ఎక్కువ మాటలు జరగలేదు. కిటికీ ఊచల్లోంచి చేతులు పట్టుకోవడమే సరిపోయింది. శ్రీరామ్మూర్తిగారు రైలెక్కే ముందు టికెట్టు కిటికీ దగ్గరికి వెళ్లి ఊరికే నిలబడి వచ్చారు. వచ్చేసారి తనే అడిగి తీసుకుంటానని చెప్పారు. వచ్చేసారి ఎక్కడ అన్నది ఇంకా తేలలేదు. నూజివీడు మామిడి తోటల్లో అని ఆయన, హనుమకొండ అని అనూరాధ. గుంపులో ఆ వాదన ఇప్పటికీ నడుస్తోంది.

మంగళవారం దేవదానం సెలవు పెట్టాడు. సన్యాసిరాజు తెచ్చిన పరుపులు ముందు రోజే వెనక్కి పంపించేశాడు. వచ్చినవాళ్లు వాడుకున్న దుప్పట్లు, దిండు గలీబులు మాత్రం జయశీల ఆ ఇళ్ల నుంచి తెప్పించి ఉతికి, ఎండ వచ్చింది కదా అని మేడ మీద ఆరేసి మడతపెట్టింది. ఎవరివి వాళ్లకి ఇచ్చి రావాలి. ఇంకెప్పుడైనా అయితే ఆమే వెళ్లేది. ఆ రోజు దేవదానం స్కూటరు మీద కట్టుకుని తనే బయల్దేరాడు. రిచర్డ్ ఇంట్లో, పెద్దాయన ఇంట్లో, వరహాలు వాళ్లమ్మ దగ్గర, ప్రతి గుమ్మం దగ్గరా నిలబడి "చాలా థాంక్సండీ" అన్నాడు. ఏ ఇంటి దగ్గరా అది ఒక్కసారిలో రాలేదు. వచ్చేదాకా నిలబడ్డాడు. ఆ ఇంటివాళ్లూ నిలబడ్డారు.

ఆఖరికి కూర్మన్నపాలెంలో సువార్తమ్మ ఇల్లు. ఆమె అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. దుప్పటి అందుకుని వాసన చూసి, "ఇంత బాగా ఎందుకుతికింది బాబూ జయ," అంది. తర్వాత, "ఆ ఆడపిల్లలు మళ్లీ ఎప్పుడొత్తారు? రాత్రంతా కబుర్లే. నా ఇంట్లో అన్ని మాటలు ఇని ఎన్నేళ్లయిందో," అంది.

దేవదానం అరుగు మీద ఆమె పక్కనే కూర్చుని చెప్పబోయాడు. మాట మధ్యలో ఆగింది. సువార్తమ్మ ఒక గుప్పెడు కాయలు తీసి ఆయన ఒళ్లో పోసి, తన గుప్పెడు ఒలుచుకుంటూ కూర్చుంది.